నలభై ఏడో బొమ్మ

స్క్రీన్‌షాట్ మూలన వేరే కంపెనీ గుర్తు గోరంత కనిపిస్తోంది. ఆ గోరంతే కొంప ముంచుతుంది. బొమ్మలాయన దాన్ని మూసేసి, కళ్లజోడు పైకి తోసుకుని, గుర్తు పడకుండా ఆ బొమ్మ మళ్లీ తీశాడు.

ఆఫీసులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. లైబ్రరీలు ఉచితంగా వాడుకునే ఒక ప్రోగ్రాంకి సహాయ పుస్తకం తయారుచేయడం ఆయన పని. ఎక్కడ నొక్కాలో, నొక్కితే ఏమొస్తుందో బొమ్మలతో చూపించాలి. పద్నాలుగేళ్లుగా అదే కుర్చీ. దాని ఎడమ చెయ్యి అరిగిపోయి లోపలి స్పాంజి బయటపడింది. మార్చమని ఆయన అడగలేదు, మార్చాలని ఎవరికీ తోచలేదు.

నెల కిందట ఆఫీసు లాయరమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈ పుస్తకాన్ని ఎవరైనా కాపీ చేసుకోవచ్చని, మార్చుకోవచ్చని మొదటి పేజీలోనే ఉంది. అలా రాశాక లోపల ఇతరుల గుర్తులు, ఇతరుల ఫొటోలు ఉండకూడదు. ఆవిడే ఫోన్లో విడమరిచి చెప్పింది.

"మనింట్లో కుర్చీ అయితే ఎవరికైనా ఇచ్చేస్తాం సార్. పక్కింటాయన కుర్చీ ఇచ్చేస్తే ఆయన ఊరుకుంటాడా?"

ఇవాళ సాయంత్రం ఐదింటికి గడువు. మూడువందల పన్నెండు బొమ్మల్లో ఒక్కటి తప్ప అన్నీ మళ్లీ కొత్తగా తీశాడు.

మిగిలింది నలభై ఏడోది. పాఠకుల కార్డు ఎలా తెరవాలో చూపించే బొమ్మ. ఆ కార్డు మీద ఫొటో ఆయన భార్యది. మొదటిసారి చూసినప్పుడు ఆవిడ పడీపడీ నవ్వింది. "ఒక్క పుస్తకం చివరిదాకా చదివిన పాపాన పోలేదు. నేను పాఠకురాలినా?" ఆవిడ పోయి ఆరేళ్లయింది. ఎక్కడెక్కడో లైబ్రరీల్లో కొత్తగా చేరినవాళ్లు ఇప్పటికీ ఆవిడ కార్డు తెరిచే పని నేర్చుకుంటున్నారు. అది తలుచుకుంటే ఆవిడ పూర్తిగా వెళ్లిపోలేదనిపించేది. ఆయనకున్న ఓదార్పు అదొక్కటే.

ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంది, హక్కులు మావేనని. వేరే ఫొటో పెట్టండి సార్ అంది లాయరమ్మ. వేరేది లేదు. ఉన్నవాటిలో ఆవిడ ఎవరి భుజం వెనకో సగం ముఖంతో ఉంది. రోజంతా కంప్యూటర్ తెరల బొమ్మలు తీసే మనిషి ఇంట్లో భార్యను ఒక్కసారీ ఫొటో తీయలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, "చూస్తానమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

పోయిన వారం అనుమతి పత్రం పట్టుకుని స్టూడియోకి వెళ్లాడు. ముసలి ఫొటోలాయన ఫొటోని ముక్కుకు ఆనించుకుని చూశాడు.

"ఈవిడ నాకు గుర్తుందండీ. ఇచ్చేస్తాను, దానికేం! కానీ కళ్లజోడు రిపేరుకిచ్చాను. చదవకుండా సంతకం పెట్టే అలవాటు లేదు. కాగితం ఇక్కడ పెట్టి వచ్చే వారం రండి, మీరే సాక్షి, మీ ఎదురుగానే పెడతాను."

నేను చదివి వినిపిస్తాను, ఇప్పుడే పెట్టేయండి అంటే సరిపోయేది. అనలేదు. ఎవరినీ తొందరపెట్టే మనిషి కాదు.

ఇవాళ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీయకుండానే బయల్దేరాడు. స్టూడియో షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే, ఫొటో దిగేవాళ్లు కూర్చునే స్టూలు మీద ఫొటోలాయన కూతురు కూర్చుని ఉంది.

"నాన్న తెల్లారుజామున పోయారండీ. నిద్రలోనే. ఇక్కడున్న ఆయన బట్టల కోసం వచ్చాను."

"అయ్యో" అని వెనక్కి తిరిగాడు. ఆవిడే పిలిచింది.

"సంతకం కోసం వచ్చింది మీరేనా? నిన్న కళ్లజోడు రాగానే కూర్చుని మీ కాగితం అంతా నింపారు. మీరొచ్చాకే సంతకం పెడతానన్నారు."

కాగితం చేతికిచ్చింది. గుండ్రటి అక్షరాలు. కింద సంతకం గీత ఖాళీగా ఉంది.

"పిల్లలందరం పెడితే చెల్లుతుందేమో కానీ, మా అన్నయ్యలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. వాళ్లని ఒకచోట కూర్చోబెట్టడం నాన్న వల్లే కాలేదు. మీరే పెట్టేసుకోండి. ఆయన ఇచ్చినట్టేగా."

కౌంటరుకు దారంతో కట్టిన పెన్ను ఉంది. తీసుకున్నాడు. ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ ప్రోగ్రాంలో ప్రతి ముక్కా ఎవరో ఇది నాది, మీకిస్తున్నానని రాసి ఇచ్చినదే. ఇదొక్కటి దొంగ సంతకంతో లోపలికి వెళ్తే, తన భార్య ముఖమే దొంగసొత్తవుతుంది.

"వద్దమ్మా" అని పెన్ను పెట్టేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఐదింటికి పది నిమిషాలుండగా నలభై ఏడో బొమ్మ తెరిచాడు. ఆవిడ ఫొటో తీసేసి, తలా భుజాలూ తప్ప ఏమీ లేని బూడిదరంగు బొమ్మ పెట్టాడు. ఆవిడ చివరి రోజుల్లో ఆసుపత్రిలోనూ ఇలాగే, ఎవరో చెప్పిన చోటల్లా తలూపుతూ నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఆపుకుని, పంపించు అన్నచోట నొక్కాడు. అంతే, పని అయిపోయింది.

అప్పుడు కాగితం తీరిగ్గా చదివాడు. ఫొటో వివరాలు అన్నచోట ఫొటోలాయన రాసిపెట్టాడు: మూడుసార్లు దువ్వెన అడిగింది. నవ్వమంటే నవ్వలేదు. ఫ్లాష్ వెలిగాక నవ్వింది.

ఆ ఫొటో తీసిన రోజు బొమ్మలాయన స్టూడియో బయట నిలబడి వాచీ చూసుకుంటున్నాడు.

కాసేపటికి పెన్ను తీసి ఏదో రాసి, దీపం ఆర్పేసి ఇంటికి వెళ్లిపోయాడు. బల్ల మీద ఆ కాగితం ఉండిపోయింది. సాక్షి అన్నచోట బొమ్మలాయన సంతకం ఉంది, దాని పైన ఫొటోలాయన గీత ఖాళీగా ఉంది.