జాన్‌బీ జారిన కొండ

నరసరావుపేట పల్నాడు రోడ్డులో పరుపుల హబీబుల్లా అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆయన మొండితనం తెలియనివాళ్ళు అసలే లేరు. కాదన్నాడంటే కాదంతే, మనిషిని మెడబట్టి వంచినా ఔననడు. ఆయన మొండితనాలన్నిట్లోకీ పెద్దది ఒకటుంది. పరాయివాళ్ళ ఒంటి మీదున్న బట్ట తన ఒంటికి తగలనివ్వడు, తన ఇంట్లో ఎవరి ఒంటికీ తగలనివ్వడు.

దానికీ ఒక కారణముంది. ఆయన వృత్తి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి కుట్టివ్వడం. పాత పరుపు విప్పితే లోపల ఏమేం ఉంటాయో మనబోటివాళ్ళం ఊహించలేం. చెమట చారలు, మందుల కంపు, పిల్లల ఉచ్చ, రాలిన వెంట్రుకలు, ఎప్పుడో పోయిన మనిషి పూసుకున్న జిందా తిలిస్మాత్ వాసన. ఇవన్నీ చూసీ చూసీ ఆయనకి అదొక రోతగా స్థిరపడిపోయింది. చుట్టాల పెళ్ళికెళ్ళినా తన దుప్పటి, తన దిండు సంచిలో పెట్టుకుని వెళ్ళేవాడు. వెనకాల నవ్వేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఆయన చెవిన పెట్టేవాడు కాదు.

భార్య జాన్‌బీ అలాంటి మనిషి కాదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి ఆయన పక్కనే కూర్చుని మిషనుకి దూది అందిస్తూ వచ్చింది. ఆ నుసి పీల్చీ పీల్చీ ఛాతీ చెడగొట్టుకుంది. నాలుగడుగులు గబగబా వేస్తే పిల్లికూతలు. అయినా నవ్వు మాత్రం తగ్గలేదు. మనవరాలు సబా ఫోన్లో మంచు మీద జారే పిల్లల వీడియోలు చూపించినప్పటి నుంచి ఆమెకి ఒకటే కోరిక పట్టుకుంది.

"ఏమయ్యా, నేనూ ఒక్కసారి అట్టా జారాలయ్యా. ఒకే ఒక్కసారి" అనేది.

"ఈ వయసులోనా? ఎముకలు ఏరుకోవాల్సొస్తది. ఊరుకో" అనేవాడు హబీబుల్లా.

అనుకోకుండా ఆ కోరిక తీరే రోజొచ్చింది. కొడుకు అల్తాఫ్‌కి ఏసీల షాపుంది. పోయిన ఎండాకాలం పల్నాడు మండిపోయి జనం ఏసీల కోసం ఎగబడ్డారు కదా, కంపెనీవాళ్ళు సంతోషించి ఇంటిల్లిపాదికీ హిమాచల్ టూరిచ్చారు. ఎండలు కాస్తే మంచు చూడొచ్చన్నమాట! చందర్‌ధార్ అని ఒక మంచు కొండ, అక్కడ పిల్లాపాపలతో వెళ్ళి స్కీయింగ్ చేసే రిసార్టు. ఛాతీ డాక్టరు ముందు వద్దన్నాడు. జాన్‌బీ మొహం చూసి, "సరే, ఈసారికి పోయిరండమ్మా. తడవకుండా, వెచ్చగా ఉండాలి. మళ్ళీ మళ్ళీ మాత్రం చలి కొండలు మీకు పనికిరావు" అన్నాడు.

వెచ్చగా అన్న మాట హబీబుల్లా పట్టుకున్నాడు. మాచర్ల వైపు నుంచి మంచి పత్తి తెప్పించి, తనే ఏకి, ఐదుగురికీ ఐదు దూది కోట్లు కుట్టాడు. బొంత కుట్టినట్టు దగ్గర దగ్గరగా కుట్లు వేశాడు. ఇప్పుడందరూ ఫోమ్ పరుపులే కొంటున్నారు, షాపులో పని సగం తగ్గింది. అంత శ్రద్ధగా ఏదైనా కుట్టి ఎన్నాళ్ళో అయింది ఆయనకి. జాన్‌బీ కోటుకి లోపల ఎర్ర సిల్కు అస్తరు వేశాడు. ఆమె దాన్ని చెంపకి ఆనించుకుని మురిసిపోయింది.

చందర్‌ధార్ చేరిన రోజు సాయంత్రం రిసార్టు యజమానురాలు తారాదేవి వాళ్ళని బొగ్గుల కుంపటి దగ్గర కూర్చోబెట్టి టీ ఇచ్చింది. డెబ్బై దాటిన మనిషి, బుగ్గలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. హిందీలో మాట్లాడింది. హబీబుల్లా ఇంట్లో ఉర్దూ నడుస్తుంది కాబట్టి అందరికీ అర్థమైంది.

"ఇదంతా మా ఆలుగడ్డల చేను" అందామె, కిటికీ అద్దంలోంచి తెల్లటి వాలు చూపిస్తూ. "చలికాలం మాకు పనుండేది కాదు. మా ఊరి బడిపంతులు పాత తలుపు విరగ్గొట్టి, చెక్కలకి తోలు పట్టీలు కొట్టి, కాళ్ళకి కట్టుకుని జారేవాడు. పిచ్చోడనుకున్నాం. తర్వాత మా ఆయన ట్రాక్టరు ఇంజనుకి మోకు కట్టి మనుషుల్ని పైకి లాగడం మొదలుపెట్టాడు. పట్నం కుర్రాళ్ళొచ్చి పడి కాళ్ళు విరగ్గొట్టుకునేవాళ్ళు. ఆడవాళ్ళు చూడ్డానికే. ఒకరోజు చంటిదాన్ని అత్తకిచ్చి నేనూ చెక్కలు కట్టుకుని జారాను. మా ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు."

"మరి తర్వాత?" అంది జాన్‌బీ, కళ్ళు పెద్దవి చేసుకుని.

"తర్వాత ఆయనే దారికొచ్చాడు. తల్లీబిడ్డలు పడినా దెబ్బ తగలని చోటొకటి కావాలని నేను పోరాను. ఊరి ఆడవాళ్ళం కలిసి ఆ కింది వాలులో రాళ్ళన్నీ చేతుల్తో ఏరేశాం. గుంటలు పూడ్చాం. చుట్టూ వల కట్టాం. అప్పట్నించీ కుటుంబాలు రావడం మొదలైంది. మనుషుల్ని పైకి మోసే కుర్చీల తీగ, హోటలు, అన్నీ ఆ తర్వాతే. ఇప్పుడు మంచే సరిగా పడట్లేదు. మిషన్లతో పోయిస్తున్నాం."

అన్నట్టే బయట మిషను గర్రుమని తెల్లటి పొడి చిమ్ముతోంది. జాన్‌బీ పకపకా నవ్వింది. "ఏమయ్యా, చూడు, మన దూది మిషనే! ఇక్కడికి గూడా వచ్చింది మన ఖర్మ!"

హబీబుల్లా కూడా నవ్వాడు. తారాదేవి అంటే ఆయనకి గౌరవం కలిగింది. ఒక ఆడమనిషి చేతుల్తో రాళ్ళేరి కట్టుకున్న చోటు ఇది అని ఆ రాత్రి కోడలు ఆసియాతో రెండుసార్లు చెప్పాడు కూడా. చెప్పిన మనిషి తెల్లారి ఏం చేశాడో చూడండి.

వాలు మీద గడపడానికి వాళ్ళకున్నది ఆ ఒక్కరోజే. మర్నాడు పొద్దున్నే బస్సు. జనం కోటప్పకొండ తిరనాళ్ళలా ఉన్నారు. వాలు మీదికి ఎక్కాలంటే ముందు కౌంటరు దగ్గర సూటూ బూట్లూ అద్దెకి తీసుకోవాలి. హబీబుల్లా అక్కడ గుట్టలుగా పోసిన సూట్లు చూశాడు. ఎవరెవరో వేసి విప్పినవి. లోపలి నుంచి గుప్పున చెమట వాసన. ఆయన ముక్కు మూసుకుని ఒకడుగు వెనక్కి వేశాడు.

"మనకెందుకివి? మన కోట్లు మనకున్నాయి గందా" అన్నాడు.

కౌంటరులో ఉన్న అమ్మాయి చెప్పింది, దూది మంచులో తడుస్తుంది, తడిస్తే ఒంటి వేడంతా లాగేస్తుంది, సూటు లేకుండా వాలు మీదికి రానివ్వం అని. తారాదేవి కూడా వచ్చి మర్యాదగా అదే మాట చెప్పింది.

హబీబుల్లాకి తల కొట్టేసినట్టయింది. "దూది సంగతి నాకు చెప్తన్నారా? పుట్టింది దూదిలో, పెరిగింది దూదిలో!"

"అబ్బాజాన్, వాళ్ళు రోజూ చూసేవాళ్ళు. మన ఊరి చలి కాదిది. మంచంటే నీళ్ళేగా, తడవదా?" అన్నాడు అల్తాఫ్ సూటు తొడుక్కుంటూ. ఆసియా, సబా అప్పటికే తొడిగేసుకున్నారు. వాళ్ళు ముగ్గురూ తన మాట కాదన్నారని హబీబుల్లాకి మరింత మండింది.

జాన్‌బీ ఒక నీలం సూటు మీద చెయ్యి వేసి నిలబడింది. చూపు మాత్రం కింది వాలు మీదే ఉంది. అక్కడ ఆమె ఈడు ఆవిడెవరో, శిక్షకుడి చెయ్యి పట్టుకుని, కేకలు పెడుతూ జారుతోంది.

"ఏమయ్యా, ఈ ఒక్క గంటే గందా. ఇంటికి పోయి తలంటు పోసుకుంటా. వేసుకోనా?" అంది మెల్లగా.

"వేసుకో. నేనొద్దన్నానా? రాత్రులు కూర్చోని కుట్టినోణ్ణి పిచ్చోణ్ణి చేసి, అందరూ వేసుకోండి!"

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏం పోయేది? సరే వేసుకోమని మొహం అటు తిప్పుకున్నా సరిపోయేది. జాన్‌బీ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. సూటు మీది నుంచి చెయ్యి తీసేసింది.

"వద్దులే. నీ కోటే చాలు నాకు. నేను కిందే కూర్చోని పిల్లదాన్ని చూస్తా" అంది.

వాలు కింద మంచులోనే కూర్చుంది. సబా జారి వచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టింది. ఇద్దరూ కలిసి మంచు ముద్దలు చేసి గుడి గోపురమంత ఎత్తు పెడతామని మొదలుపెట్టి మోకాలంత ఎత్తు పెట్టారు. హబీబుల్లా బెంచీ మీద కూర్చుని, తన కోటు చూసి ఎవరైనా మెచ్చుకుంటారేమోనని ఎదురుచూశాడు. ఎవరూ చూడలేదు.

ముందు సబాయే గమనించింది. "దాదా, దాదీ వణుకుతోంది."

వెళ్ళి చూస్తే జాన్‌బీ పెదాలు నల్లబడ్డాయి. నవ్వడానికి చూస్తోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. కోటు పట్టుకుంటే వానలో నానిన పరుపులా బరువుగా ఉంది. కుట్టు కుట్టులోంచీ నీళ్ళు కారుతున్నాయి. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు దూరానికి వినిపించాయి. అల్తాఫ్ తల్లిని ఎత్తుకుని కుంపటి దగ్గరికి పరిగెత్తాడు. తారాదేవి కోటు విప్పి పక్కన పడేసి, తన సొంత శాలువా, ఇంకెవరివో రెండు పాత కంబళ్ళు ఆమెకి చుట్టింది. హబీబుల్లా చూస్తూ నిలబడ్డాడు. అవి ఎవరు కప్పుకున్నవని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

డాక్టరొచ్చి మందిచ్చాడు. సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. జాన్‌బీ కిటికీ పక్కన పడుకుని, దీపాలు వెలిగించిన వాలు మీద జారేవాళ్ళని చూస్తూ ఉంది. ఆమె ఒక్క మాట అన్నా, తిట్టినా, హబీబుల్లాకి కాస్త తేలికయ్యేది.

"నాదే తప్పే" అన్నాడు హబీబుల్లా, అందరూ నిద్రపోయాక.

"పోనీలేవయ్యా. చూశాంగా. కళ్ళారా చూశాం" అంది.

తెల్లవారకముందే లేచి ఆయన ఒక్కడే కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. గుట్టలో వెతికి ఆ నీలం సూటే తీసి, విదిలించి, చంక కింద పెట్టుకున్నాడు. చెమట వాసన ముక్కుకి కొట్టింది. పట్టించుకోలేదు. బస్సు వచ్చేలోపు మా ఆవిణ్ణి ఒక్కసారి, కింది నుంచి పదడుగుల ఎత్తైనా సరే, ఎవరైనా చెయ్యి పట్టుకుని జారించండి, నేను పక్కనే ఉంటాను అని బతిమాలాడు.

కౌంటరు అమ్మాయి జాలిగా చూసింది. "రాత్రంతా వాన పడింది అంకుల్. మంచంతా గాజులా గడ్డకట్టింది. ఇవాళ ఎవరినీ దింపం" అంది. సూటు వెనక్కి తీసుకుని గుట్ట మీద వేసింది.

హబీబుల్లా గదికి వచ్చి సామాన్లు సర్దాడు. ఎక్కడికెళ్ళావని జాన్‌బీ అడిగింది. టీ తాగడానికని చెప్పాడు.

నరసరావుపేటకొచ్చాక ఛాతీ డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి మొహం ముడుచుకున్నాడు. ఇక చలి ప్రదేశాల మాట మర్చిపోండమ్మా అన్నాడు. జాన్‌బీ అలాగేనని తలూపింది. హబీబుల్లా మాత్రం బయటికొచ్చి ఆసుపత్రి గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడిపోయాడు. షాపుకొచ్చి మిషను ముందు కూర్చున్నాడు. ఏ పరుపు విప్పినా ఆమె సూటు మీద చెయ్యి వేసి అడిగిన మాటే గుర్తొచ్చింది. అంతకాలం పక్కన కూర్చున్న మనిషి ఒక్క గంట అడిగింది. తను ఇవ్వలేదు.

ఓ రోజు మధ్యాహ్నం షాపు అరుగు మీద ఎదురింటి ఆదిలక్ష్మమ్మ, వెనకింటి బీబీ వచ్చి కూర్చున్నారు. హబీబుల్లా లోపల దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నాడు.

"ఏంది వదినా, మంచు కొండకి పోయొచ్చావంట. జారావా లేదా? మీ సబా ఏందో గొణుగుద్ది, తిన్నగా చెప్పదు" అంది ఆదిలక్ష్మమ్మ.

హబీబుల్లా చెయ్యి ఆగిపోయింది. తన పరువు ఇవాళ్టితో బజారున పడుతుందనుకున్నాడు. పడనీ, పడాల్సిందే అని కూడా అనుకున్నాడు.

"జారకేం వదినా!" అంది జాన్‌బీ. "నీలం సూటేశారు నాకు. కాళ్ళకి చెక్కలు కట్టారు. పైనించి చూస్తే కళ్ళు తిరిగినయ్యనుకో. ఒకాయన చెయ్యి పట్టుకుని, అమ్మా, మోకాళ్ళు వంచు అన్నాడు. వంచా. అంతే! జర్రున! గాలి చెవుల్లో కొడతంది, నేను యా అల్లా యా అల్లా అని కేకలు. కింద వల దగ్గర దబ్బున పడ్డా. ఒక్క దెబ్బ తగల్లా!"

"అబ్బో!" అంది బీబీ నోటి మీద చెయ్యి పెట్టుకుని. "చానా ధైర్యం నీకు. మరి మా అన్న ఒప్పుకున్నాడా? పరాయోళ్ళ బట్టంటే ఇల్లెక్కి అరిచే మనిషాయె."

"ఆయనే దగ్గరుండి తొడిగాడమ్మా. బూట్లు గూడా ఆయనే కట్టాడు" అంది జాన్‌బీ.

అంత వివరంగా, అడుగడుగూ తెలిసినట్టు చెబుతోందంటే, ఆ కిటికీ పక్కన పడుకుని ఎన్నిసార్లు మనసులో జారి ఉంటుందో హబీబుల్లాకి అప్పుడర్థమైంది.

ఆదిలక్ష్మమ్మకి అనుమానం తీరలేదు. లోపలికి తొంగి చూసి, "ఏం అన్నయ్యా, నిజమేనా? నిజంగా జారిందా మా వదిన?" అంది.

హబీబుల్లా దబ్బనం పక్కన పెట్టాడు. కళ్ళలో నీళ్ళు కనపడకుండా తలొంచుకుని దూది నుసి దులుపుకున్నాడు.

"ఒకసారి కాదమ్మా, రెండుసార్లు జారింది" అన్నాడు.

జాన్‌బీ వెనక్కి తిరిగి ఆయన్నే చూసింది. ఆమె కళ్ళూ నిండాయి.

"రెండోసారి నువ్వు చూళ్ళేదనుకున్నానయ్యా" అంది.