పాడాల్సిన అమ్మాయి

ఆ వాక్యం చదవగానే రోజారాణికి ఒళ్లు మండింది. చేతిలో చాయ్ చల్లారింది గానీ ఆ మంట మాత్రం చల్లారలేదు.

“జర్మనీలో పేరుపొందిన ఒపెరా గాయని ఆరాధన చిన్నప్పుడు మొదటిసారి ఒంటరిగా పాడింది, పాడాల్సిన అమ్మాయి ఆ రోజు రాకపోవడం వల్లేనని మీకు తెలుసా?”

ఇంటర్నెట్‌లో ఉండే తెలుగు విజ్ఞానసర్వస్వం మొదటి పేజీలో రోజూ ఇలాంటి వాక్యం ఒకటి వస్తుంది. చదివినవాళ్లు ఆగలేక లోపలి వ్యాసం తెరవాలి, అదీ దాని పని. రాసేవాళ్లూ, సరిచూసేవాళ్లూ అందరూ జీతం బత్తెం లేనివాళ్లే. కరీంనగర్‌లో కాలేజీ లైబ్రేరియన్‌గా పనిచేసే రోజారాణి ‘గోదారిగాలి’ అనే మారుపేరుతో ఎనిమిదేళ్లుగా అక్కడ సరిచూస్తోంది. ఆమె ‘సరే’ అంటేనే వాక్యం మొదటి పేజీకి ఎక్కుతుంది. ఆధారం లేని ముక్క ఒక్కటి కూడా ఆమె కళ్లు గప్పి పోయింది లేదు.

ఈ వాక్యం పంపినవాడు ఉట్నూర్‌లో బడి పంతులు, సాగర్. పాపం, ఆ ‘పాడాల్సిన అమ్మాయి’ ఈమేనని అతనికేం తెలుసు!

ఇరవై తొమ్మిదేళ్ల కిందటి మాట. శ్రీరాంపూర్ బొగ్గుగని కాలనీ. క్రిస్మస్‌కి చర్చిలో ఒంటరి పాట అంటే పదహారేళ్ల రోజారాణిదే, ఇంకొకరి పేరే లేదు. ఆ ఏడు మాత్రం పాట నేర్పే జాన్సన్ సారు, “రెండో చరణం చిన్నపిల్ల ఆరాధన పాడుతది తియ్యి” అన్నాడు. ఇంకేముంది, ఈమె మూతి మూడు వంకరలు తిరిగింది. పండుగ పొద్దున గొంతు నొప్పి అని దుప్పటి కప్పుకుని పడుకుంది. సారు ఉరికొచ్చి బతిమాలతాడనీ, ఆ చరణం మళ్లీ తన చేతికే వస్తుందనీ ఆమె ఆలోచన. సారు రాలేదు. పన్నెండేళ్ల ఆరాధన పాట మొత్తం పాడేసింది. ఆ రోజు మద్రాసు నుంచి వచ్చిన అతిథి విని, ఆ పిల్లను తమ సంగీత పాఠశాలకు తీసుకుపోయింది. అక్కడి నుంచి జర్మనీ. కథంతా పాటల్లోనే నడిపే అక్కడి ఒపెరా నాటకాల్లో ఇప్పుడు ఆరాధనకు రాణి వేషాలు. రోజారాణికేమో ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు కింద కుర్చీ.

అందుకే వంకలు మొదలుపెట్టింది. వాక్యం పొడుగైందంది. సాగర్ కత్తిరించాడు. ఆసక్తిగా లేదంది. మళ్లీ రాశాడు. చివరికి, “ఆధారమంతా జర్మన్ పత్రికలో వచ్చిన ఒక్క ఇంటర్వ్యూ. ఇది చాలదు. తెలుగులో అచ్చయినది చూపండి” అని రాసింది. తెలుగులో అచ్చయినది ఒకే ఒక్కటి, చర్చి స్వర్ణోత్సవాల సంచిక. ఊళ్లో ఉన్న ప్రతులన్నీ చెదలు తినేశాయి. మిగిలిన ఒక్కటీ రోజారాణి బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. ఇక ఎక్కడ తెస్తాడో తెమ్మను!

నాలుగో రోజు సాయంత్రం ఫోన్ మోగింది.

“నమస్తే అక్కా. నేను ఉట్నూర్ కెళ్లి సాగర్‌ను. శ్రీరాంపూర్ల చర్చి కాడ ఉండే తోమాసు తాత మీ నంబర్ ఇచ్చిండు. చర్చి పుస్తకం మీ దగ్గరనే ఉన్నదట కదా?”

లేదని చెబుదామనుకుంటూనే “ఉన్నది” అనేసింది రోజారాణి.

“జర గా పేజీ ఫొటో పంపుండ్రి అక్కా. ఇంటర్నెట్ల గోదారిగాలి అని ఒకామె ఉన్నది. ఏం రాసినా వంక వెడుతది, మస్తు పరేషాన్ చేస్తుంది. ఆమెకేం కడుపుమంటనో ఏమో!”

“అట్లనా!” అంది రోజారాణి.

“గా దినం పాడాల్సింది మీరేనట కదా. ఆరాధన మేడం ఇంటర్వ్యూల ఏమన్నదో ఎరికేనా? ‘మా చర్చిల పాడే అక్క నా కోసమే తప్పుకున్నది, ఆమె త్యాగం లేకుంటే నేను లేను’ అన్నది. ఇగ గదే వాక్యం చేస్త అక్కా, మీ పేరు పెట్టి. మొదటి పేజీల పడుతది.”

ఫోన్ పెట్టేసింది. మొదట సంబరమే వేసింది. వెనకే పాత మంట రెట్టింపై లేచింది. ఇన్నేళ్లూ ఇక్కడ తను కుళ్లి చస్తుంటే, అక్కడ అది తన పేరు చెప్పి దండం పెడుతోందా! పాటలో గెలిచింది చాలదా, మంచితనంలో కూడా అదే గెలవాలా? ఏడుపొచ్చింది. అయినా బీరువా తెరిచి, ఫొటో తీసి పంపింది.

గంటలో కొత్త వాక్యం సరిచూడమని ఆమె ముందుకొచ్చింది. “ఒపెరా గాయని ఆరాధన కోసం రోజారాణి అనే అక్క తన పాటనే త్యాగం చేసిందని మీకు తెలుసా?”

ఒక్కసారి ‘సరే’ నొక్కితే చాలు. రేపు కాలేజీ అంతా చూస్తుంది. జాన్సన్ సారు చనిపోయాడు, కాదనేవాళ్లు ఎవరూ లేరు. వేలు మీట దాకా వెళ్లింది. పక్కనే సంచికలో పేజీ తెరిచి ఉంది. ‘కుమారి రోజారాణి రాకపోవడంతో’ అనే ఉంది అందులో. త్యాగం ఊసే లేదు. ఇంతకంటే చిన్న తప్పులకే ఎంతమందిని వెనక్కి పంపిందో ఆమెకు గుర్తుంది.

“త్యాగం అన్నది నిజం కాదు. ఆ అమ్మాయి అలిగి ఇంట్లో పడుకుంది. పాత వాక్యమే సరైనది” అని రాసింది.

సాగర్‌కు ఈసారి నిజంగానే కోపమొచ్చింది. “ఆరాధన గారే స్వయంగా చెప్పారు. కాదనడానికి మీ దగ్గర ఆధారమేమిటి మేడం? ఆధారం లేని మాట చెల్లదని మీరే కదా అంటారు?”

రోజారాణి కళ్లు తుడుచుకుని టైపు చేసింది. “ఆ అమ్మాయిని నేనే. గొంతు నొప్పి అబద్ధం. సొంత సంగతి సరిచూడకూడదు కనుక తప్పుకుంటున్నాను. పాత వాక్యాన్ని వేరెవరైనా చూడండి. ఇట్లు, రోజారాణి.”

రెండు నిమిషాలకు ఫోన్ మోగింది. అవతల సాగర్.

“అక్కా... గోదారిగాలికి కడుపుమంట అన్న. మాఫ్ చెయ్యుండ్రి.”

“మాఫ్ ఎందుకు తమ్మీ?” అంది రోజారాణి. “ఇన్ని దినాలల్ల నువ్వు చెప్పినవాట్ల పక్కా ఆధారమున్న మాట గదొక్కటే.”