సూదిపోట్లు పడిన బిస్కెట్లు

వదిన దొంగ. అందులో రెండో మాట లేదు.

భార్య పోయిన ఈ రెండేళ్లూ నెలనెలా కూతురికి బిస్కెట్లు కాల్చేది ఆయన. అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, పోస్టాఫీసులో ఇచ్చేది మాత్రం వదిన, భార్యకు సొంత అక్క. "పెట్టె కట్టడం నీ వల్ల కాదు మరిదీ, చేరేసరికి పిండైపోతాయి" అంటూ రెండో నెలే డబ్బా లాక్కుంది. ఊరికే చాకిరీ చేసే మనిషి కాదని ఆయనకు అప్పుడే తోచింది. పోయిన నెల ఆవిడ టీ సాసర్లో నల్లటి బిస్కెట్టు అంచు ముక్క కనబడింది. అంతలా మాడ్చేది ఆయన ఓవెన్ ఒక్కటే.

అందుకే ఈసారి పిండి పచ్చిగా ఉండగానే ప్రతి బిస్కెట్టుకూ అడుగున సూదితో మూడు పోట్లు పొడిచాడు. ముప్ఫై బిస్కెట్లు. ఏమీ ఎరగనట్టు డబ్బా వదినకిచ్చి వచ్చాడు.

వారానికి కూతురు ఫోన్ చేసింది.

"అన్నీ చేరాయా?"

"ముప్ఫయ్యీ చేరాయి నాన్నా. ఒక్కటీ విరగలేదు. అచ్చం అమ్మ చేసినట్టే ఉన్నాయి."

"ఒకటి తిరగేసి చూడు. అడుగున చిల్లులున్నాయా?"

"లేవే. నున్నగా ఉంది."

"ఇంకోటి?"

"దీనికీ లేవు. ఎందుకు నాన్నా?"

ఆయన ఫోన్ పెట్టేసి చెప్పులేసుకున్నాడు.

వదిన ముందు టీ గ్లాసు, పక్కన మూత తీసిన డబ్బా. ఒకటి తీసి తిరగేశాడు. మూడు పోట్లు.

"నావి మీ దగ్గర, మీవి నా కూతురి దగ్గర. ఇదేం పని వదినా?"

ఆవిడ తడబడలేదు. "మొదటిసారి నువ్వు పంపినవి కొరికి పిల్ల పన్ను విరగ్గొట్టుకుంది. నాన్నకు చెప్పొద్దు పెద్దమ్మా, మళ్ళీ పొయ్యి దగ్గరికే వెళ్ళడు అంది. చెల్లి కొలతలు నాకు తెలుసు. నేనే చేసి పెడుతున్నా. దానికీ తెలీదు."

"నావి పారెయ్యకపోయారా?"

"తినేవి ఎలా పారేస్తాను? టీలో నానేసి తింటున్నా. నా పళ్ళు ఇంకెన్నాళ్ళాగుతాయో."

ఆయన కూర్చోలేదు. ఆవిడ పోసిన టీ ముట్టలేదు. క్షమించనూ లేదు.

ఇల్లు చేరేసరికి ఫోన్ మోగుతోంది.

"ఆ చిల్లుల సంగతేంటి నాన్నా? చెప్పకుండా పెట్టేశావు."

'అచ్చం అమ్మ చేసినట్టే' అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

"ఏం లేదు. వచ్చే నెలా ముప్ఫై వస్తాయి, తిను. అమ్మ చేసినట్టున్నాయన్న మాట మాత్రం ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు."