స్వతహాగా

వెనక చక్రం దగ్గర గొంతుక్కూచుని బాబాయి టైరు గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్లను స్క్రూడ్రైవరుతో పీకుతున్నాడు. ఎవరూ చెయ్యమనని పని అది. బస్సు కడగడమంటే పైపుతో నీళ్లు కొట్టి, బ్రష్షుతో రుద్ది, లోపల ఊడ్చి వదిలెయ్యడమే. కానీ ఆయన చేతి మీదుగా వెళ్లే బస్సుకు టైర్లు కూడా చూసి పంపుతాడు. యాభై రెండేళ్ల మనిషి. వెనక నుంచి ఎవరో పిలవబోతున్నట్టు ఎప్పుడూ మెడ బిగబట్టి ఉంటాడు. డిపోలో చిన్నా పెద్దా అందరికీ బాబాయే.

పద్నాలుగేళ్లు సైన్యంలో లారీ నడిపాడు. మంచు కరిగి జారే కొండదారుల్లో ఒంటిచేత్తో మలుపు తిప్పేవాడు. ఇప్పుడు స్టీరింగు ముట్టుకోడు. కడిగిన బస్సును పక్కకు తియ్యాలన్నా మెకానిక్కును కేకేస్తాడు.

"ఇవాళ బోర్డు కదా బాబాయ్? ఇంకా ఇక్కడే ఉన్నావేంటి?" అన్నాడు మెకానిక్కు.

"పదకొండింటికి. ఈ ఒక్క చక్రం అయిపోతే వెళ్తా."

"పోయినసారీ ఇలాగే తడిసిన ప్యాంటుతో వెళ్లావు. చూడాల్సింది నీ బుర్రనో ప్యాంటునో తెలీక వాళ్లు తికమకపడి ఉంటారు."

బాబాయి నవ్వాడు. నవ్వితే ఆయన మొహంలో పదేళ్లు రాలిపోతాయి.

సైన్యం వాళ్ల మెడికల్ బోర్డుకు వెళ్లడం ఇది అయిదోసారి. సైన్యం నుంచి పంపించేసినప్పుడు ఆయన కాగితంలో ఒక ముక్క రాశారు: "మానసిక రుగ్మత స్వతహాగా ఉన్నది, సేవతో సంబంధం లేదు." ఆ ఒక్క ముక్కతో పరిహారం ఆగిపోయింది. పరిహారం సంగతి ఆయన ఏనాడో వదిలేసుకున్నాడు. ఆ 'స్వతహాగా' అన్న మాట మాత్రం ఒంట్లో విరిగిన ముల్లులా ఉండిపోయింది. ఒకరోజు పక్కింట్లో ఏదో ఢామ్మని పేలితే, తొమ్మిదేళ్ల కూతుర్ని కాపాడబోయి ఆ పిల్లనే నేలకేసి అదిమేశాడు. చిన్నదాని మణికట్టు విరిగింది. మామగారు వచ్చి ఆ కాగితం చదివి, "వీళ్ల రక్తంలోనే ఉంది. రేపు పిల్లకీ వస్తుంది" అన్నాడు. భార్య పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. పదకొండేళ్లయింది. ఏడాదికొకసారి, కూతురి పుట్టినరోజున, ఆయన భార్యకు ఫోను చేస్తాడు. "బాగుందా?" "బాగుంది." అంతటితో సరి.

బోర్డు గదిలో ఈసారి కొత్త డాక్టరమ్మ ఉంది. ఫైలు తిరగేసి, మూసి, పక్కన పెట్టింది.

"ఇందులో ఉన్నవి వదిలెయ్యండి. ఇప్పుడేం పని చేస్తున్నారు?"

"బస్సులు కడుగుతానండి."

"నడపడం రాదా?"

ఇంతకుముందు నాలుగు బోర్డుల్లోనూ ఎవరూ అడగని ప్రశ్న అది. బాబాయి తన అరచేతులకేసి చూసుకున్నాడు. నీళ్లలో నాని వేళ్ల కొసలు ముడతలు పడి ఉన్నాయి.

"వచ్చండి. అదొక్కటే వచ్చు," అన్నాడు. అరచేతులు మూసుకుని, "మా ముందు బండి పేలిపోయింది. ఏం జరిగినా ఆగొద్దని ఆర్డరు. వెనక ఇరవై బండ్లున్నాయి. పక్కనుంచి తీశాను. రోడ్డు మీద ఒకడు పడి ఉన్నాడండీ... చెయ్యెత్తి ఊపాడు. నాకేసి చూసే ఊపాడు. నేను పోనిచ్చేశాను."

డాక్టరమ్మ కలం మూత తీసింది.

"నా ఒంటి మీద గీత కూడా పడలేదు. అందుకే గాయం లేదని రాశారు. తప్పేం రాయలేదులెండి."

"తప్పే రాశారు," అందామె. చాలాసేపు రాసుకుంటూ కూచుంది. ఆయన లేచి నిలబడ్డాక కూడా వెళ్లకుండా తచ్చాడుతుంటే తలెత్తి చూసింది.

"ఏం రాశారో ఒకసారి చదువుతారా అమ్మా?"

"పైవాళ్లు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. నెలలు పడుతుంది."

"పట్టనివ్వండి. చదవండి చాలు."

ఆమె చదివింది. "ఈ రుగ్మత సేవాకాలంలో జరిగిన సంఘటన వల్ల కలిగింది. అంతకుముందు దీని లక్షణాలు లేవు."

బాబాయి పెదవులు కదుపుతూ ఆ రెండు ముక్కలూ వల్లె వేసుకున్నాడు. బడి పిల్లాడిలా దారి పొడుగునా అవే అనుకుంటూ డిపోకు వచ్చాడు. క్యాంటీనతను ఇచ్చిన టీ పట్టుకుని పిట్టగోడ దగ్గర నిలబడి ఫోను తీశాడు. ఇవాళ ఎవరి పుట్టినరోజూ కాదు.

"ఏమైంది?" అంది భార్య, కంగారుగా.

మర్చిపోతానేమోనని పలకరింపు కూడా లేకుండా ఆ ముక్కలు అప్పజెప్పేశాడు. "రక్తంలో లేదే. పిల్లకి రాదు. డాక్టరే రాసింది."



"నాకు తెలీదా?" అందామె. "సైన్యంలో చేరకముందు నువ్వెలా ఉండేవాడివో చూసినదాన్ని. నాకు కాగితం చెప్పాలా? పిల్ల నిద్దట్లో ఉలిక్కిపడేది, అందుకు వచ్చేశాను. అంతే."

"ఇప్పుడూ ఉలిక్కిపడుతోందా?"

"ఇప్పుడు నన్ను హడలగొడుతోంది. స్కూటరు నేర్చుకుంది. మలుపులో కూడా బ్రేకు మీద చెయ్యెయ్యదు. అన్నీ నీ పోలికలే."

బాబాయికి నవ్వొచ్చింది. 

"చూడాలనుందే," అన్నాడు.

"రమ్మని నేననలేను," అందామె. మళ్లీ తనే, "రావద్దనీ అనను. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటుంది."

భార్య పుట్టింటి ఊరికెళ్లే నాలుగింటి బస్సు అప్పటికే కదలబోతోంది. మెకానిక్కు చూస్తుండగానే బాబాయి తడిసిన ప్యాంటుతోనే పరుగున వెళ్లి ఎక్కేశాడు. ఎప్పుడు బస్సెక్కినా రోడ్డు కనపడకుండా చిట్టచివర కూచునే మనిషి, ఈసారి డ్రైవరు పక్క సీట్లో, అద్దానికి ఎదురుగా కూచున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. బస్సు గేటు దాటి మలుపు తిరిగింది.

పిట్టగోడ మీద గ్లాసులో టీ సగానికి పైగానే మిగిలి ఉంది. పైన మీగడ తెట్టు కట్టి, షెడ్డులో ఏ బస్సు కదిలినా సన్నగా వణుకుతోంది.