రేపు మధ్యాహ్నం విమానం

ద్వీపంలోని వండూర్ ఒడ్డున చేపల ఐసు పెట్టె మూత ఎత్తిన బేబీరాణికి సూర చేపల మధ్య మొగుడి ముఖం కనిపించింది.

వాసుదేవ్ మెడకు వల తాడు బిగించి ఉంది. పోలీసులు వచ్చి శవాన్ని ఆసుపత్రికి పంపారు. ఎస్సై రాజ్‌కిరణ్ వాసుదేవ్ ఇంటి అరుగు మీదే కూర్చుని చుట్టుపక్కల వాళ్ళందరినీ అడిగాడు. ఎవరూ ఏమీ చూడలేదు.

వాసుదేవ్ తండ్రి పోలిరాజుకు ఒకటే బెంగ.

"ఆడికి పిల్లల్లేరు. తలకొరివి తమ్ముడే పెట్టాల. చిట్టిబాబుకి ఫోన్ సెయ్యమ్మా."

చిట్టిబాబు ముంబైలో ఏసీలు బాగుచేస్తాడు. కిందటేడు తల్లి గురమ్మ పోయినప్పుడూ అతనికి ఇలాగే కబురు వెళ్ళింది. తల్లికి కొరివి పెట్టే హక్కు చిన్నకొడుకుది. అతను మర్నాడు విమానం దిగేసరికి మిగిలింది బూడిదే. ఆ తరువాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

బేబీరాణి వీడియో కాల్ చేసింది. మే నెల, సాయంత్రం ఆరున్నర. బయట అప్పటికే చీకటి.

కబురు విని చిట్టిబాబు వెక్కివెక్కి ఏడ్చాడు. "వదినా, బొంబై నుంచి చెన్నై రెండు గంటలు. అక్కడ రాత్రంతా కూకోవాల. పొద్దున్న మళ్ళీ రెండు గంటల పైన. రేపు మజ్జానం దిగుతాను. అందాకా అన్నని తియ్యొద్దు."

"ఇప్పుడెక్కడున్నావు?"

"బొంబైలోనే, రూములో."

అతని వెనక కిటికీ నల్లగా ఉంది. బేబీరాణి చూపు దాని మీదే ఆగిపోయింది. ఆమె అక్క పద్మిని కూడా ముంబైలోనే ఉంటుంది. ఇక్కడ దీపం పెట్టాక ఫోన్ చేస్తే, అక్కడ పద్మిని ఇంకా ఎండలో బట్టలు తీస్తూ ఉంటుంది. దేశమంతటికీ గడియారం ఒక్కటే. పొద్దు మాత్రం తూర్పున ఉన్న ఈ ద్వీపాల్లో ముందే కుంకుతుంది. చిట్టిబాబు విమానాల లెక్క చూసుకున్నాడు గాని వీపు వెనక చూసుకోలేదు. పుట్టి పెరిగిన చోటి చీకటి అతనికి వింతగా తోచలేదు.

"చిట్టీ, బొంబైలో ఇంకా ఎండ ఉంటాది కదరా. నీ కిటికీలో చీకటేటి?"

ఏడుపు ఠక్కున ఆగింది.

రాజ్‌కిరణ్ ఫోన్ లాక్కున్నాడు. "భయ్యా, జరా ఖిడ్కీ ఖోలో. కిటికీ తెరిచి కెమెరా బయటికి తిప్పు. మేమూ బొంబై చూస్తాం."

చిట్టిబాబు చేత్తో ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో తడి లేదు.

"ఈ దీవిలోనే, ప్రోతరాపూర్‌లో ఉన్నాను సాబ్. మొన్నే దిగినాను. నానే సంపినాను. అమ్మ పోయిన్నాడు ఫోన్లో బతిమాలినాను. ఒక్క రోజు ఆపు భయ్యా, టిక్కెట్ దొరికింది, వచ్చేత్తన్నాను అని. ఐసు లేదన్నాడు. సూరలకి బండ్లకొద్దీ పోసేవోడికి అమ్మకి ఐసు లేదంట! రాత్రి ఒడ్డున నన్ను సూసి, తమ్ముడొచ్చినాడని కావలించుకోబోయినాడు. ఆ సేతులు అలా ఉండగానే తాడేసినాను. అమ్మకి మొక్కమన్నాను. మొక్కినాడు. అయినా వదల్లేదు. రేపు అందరి ముందూ ఏడిసి, కొరివి కూడా నానే పెడదామనుకున్నాను. ఇంటన్నావా నాన్నా? ఇప్పుడు నువ్వే పెట్టుకో."