పళ్లెంలో కర్పూరం

“ఇంకో నాలుగు కాఫీలు పంపించు” అని సావిట్లోంచి కాంతారావు కేకేసేసరికి, శేషారత్నం అన్నం దించి పాలు పొయ్యిమీద పెట్టింది. రిహార్సల్స్ మొదలైనప్పటినుంచి ఆ ఇంట్లో పొయ్యి ఆరిన పాపాన పోలేదు. నాటకం రాసింది ఆమె మొగుడు కాంతారావే, పెద్దకొడుకు వేషమూ అతనిదే. తల్లి వేషం యలమందది. మొగుడు పోయిన చెల్లెల్ని చదువుకి పంపాలని పెద్దకొడుకు, పంపితే పరువు పోతుందని తల్లి వాదించుకుంటారు. చివరికి పెద్దకొడుకు వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, చెల్లెల్ని పంపి తీరతానని ప్రమాణం చేస్తాడు. కర్పూరం పళ్లెం అందిస్తూ “అలాగేనండీ” అనడం, అంతే పెద్దకొడుకు భార్య వేషానికున్న మాట. కాఫీలు కాచే మనిషి ఆ నాటకంలో ఎక్కడా లేదు.

వంటింట్లో ఆమె పక్కనే కూర్చుని వంకాయలు తరుగుతున్నది కాంతారావు సొంత చెల్లెలు అరుణకుమారి. పెళ్లయిన ఏడాదికే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. ఎనిమిదో తరగతి ప్యాసైన పిల్ల, బందరులో టీచరు ట్రైనింగులో చేరతానని ఎన్నాళ్లనుంచో అన్నని అడుగుతోంది. చేరడానికి గడువు దగ్గరపడింది. ఈ ఏడు తప్పితే ఇక ఆ ఊసే ఉండదని ఇద్దరాడవాళ్లకీ తెలుసు. శేషారత్నం అన్నం వడ్డిస్తూ ఆ మాట కదిపితే కాంతారావు తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

“నాటకం వేరు, ఇల్లు వేరు రత్నం. నలుగురూ ఏమనుకుంటారు?”

అదే ఆమెకి అంతుపట్టలేదు. మొగుడు అబద్ధాలకోరైతే గొడవే ఉండేది కాదు, తిట్టుకుని ఊరుకునేది. కానీ ప్రమాణం దగ్గరికి వచ్చేసరికి అతని కళ్లలో నిజంగా నీళ్లు తిరగడం గుమ్మం చాటునుంచి ఆమె చూసింది. ఆ నీళ్లు ఎవరికోసం? వంటింట్లో ఉన్న చెల్లెలు సావిట్లోకి వెళ్లేసరికి వేరే మనిషైపోతుందా? అత్తగారు మాణిక్యమ్మే నయమనిపించింది. ఆవిడ మొదటినుంచీ ఒకటే మాట, కొంపలో పడుండాల్సిన పిల్లకి చదువెందుకని. ఆ మాట వింటే ఒళ్లు మండేది గాని, ఆవిడ ఎటువైపుందో తెలిసేది. కాంతారావు ఎటున్నాడో తెలియదు. పోనీ తను ఎటుంది? అరుణ వెళ్లిపోతే ఈ అంట్లు, ఈ రుబ్బుడు, గేదె దగ్గర చాకిరీ, అన్నీ తన నెత్తినే పడతాయి. ఒక మధ్యాహ్నం అరుణ, “వదినా, నువ్వన్నా అన్నయ్యకి గట్టిగా చెప్పవూ” అంటే, “చూద్దాంలే” అనేసింది. అన్నాక ఉలిక్కిపడింది. అది అచ్చం మొగుడి గొంతే. మంచిదాన్నో చెడ్డదాన్నో తనకే తెలియని మనిషి ఇంకొకర్ని ఏమని నిలదీస్తుంది?

నాటకం చల్లపల్లిలో పందిరి వేసి ఆడారు. సామాన్లన్నీ ఎప్పట్లాగే వీళ్లింటినుంచే వెళ్లాలి. రిహార్సల్స్‌లో కర్పూరానికి బదులు పటికబెల్లం ముక్క పెట్టేవాళ్లు, స్టేజీ మీదా అదే పెట్టాలనుకున్నారు. ఆ సాయంత్రం పళ్లెం సర్దబోతే దానికి చీమలు పట్టి ఉన్నాయి. దులిపితే పోయేవే. శేషారత్నం దులపలేదు. అత్తగారి పూజ పెట్టె తీసి, ఆవిడ మోపిదేవి స్వామి గుడినుంచి తెచ్చుకున్న కర్పూరం తీసుకుంది. తెర పక్కన నిలబడి తానే వెలిగించి, భార్య వేషం కట్టినవాడికి పళ్లెం అందించింది.

నిజం మంట చూసి కాంతారావు ఒక్క క్షణం తడబడ్డాడు. ముందు వరసలో సమితి ప్రెసిడెంటుగారు, ఆయన వెనక మాణిక్యమ్మ. జనమంతా చూస్తున్నారు. వెనక్కి తగ్గే దారి లేదు. అరచెయ్యి మూసి ఆర్పేశాడు. పందిరి చప్పట్లతో దద్దరిల్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే మాణిక్యమ్మ అటక మీది ట్రంకుపెట్టె దింపించి వసారాలో పెట్టించింది. కాలిన చేతికి వెన్న రాసుకుంటున్న కాంతారావు ఇదేమిటన్నాడు.

“నాకు ఇప్పటికీ ఇష్టం లేదురా. అయినా స్వామి దగ్గరి కర్పూరం ఊరందరి ముందు ఆర్పావు. మాట తప్పితే ఇంటికి అరిష్టం. పిల్లని బందరు తీసుకెళ్లు.”

“అది నాటకమమ్మా.”

“నాటకం నీది. కర్పూరం నాది. పొద్దున పూజ పెట్టె చూసుకున్నాను.”

అరుణ తలుపు పట్టుకుని నిలబడిపోయింది, ఏడవాలో నవ్వాలో తెలియనట్టు. కాంతారావు రుబ్బురోలు దగ్గరున్న భార్యవైపు తిరిగాడు.

“పటికబెల్లం ఉండాల్సిన చోట కర్పూరం ఎవరు పెట్టారు?”

శేషారత్నం చేతులకి పిండి అంటుకుని ఉంది. ఎదురుగా నిన్నటి అంట్లు గుట్టగా పడున్నాయి, రేపటినుంచి ఒక్కతే తోముకోవాల్సినవి. చీమలు పట్టాయనొచ్చు. చీకట్లో పొరపాటైందనొచ్చు. అలా అన్నా నమ్ముతాడు. అసలు ఎందుకు పెట్టిందో ఆమెకీ తెల్లవార్లూ తేలలేదు. అరుణ మీద ప్రేమతోనా, మొగుణ్ణి ఇరికించాలనా, ఒట్టి విసుగుతోనా?

“నేనే పెట్టానండీ. తెలిసే పెట్టాను.”

ఆ మాట పైకి అన్నాక గాని, అది నిజమని ఆమెకే తెలియలేదు.