తొమ్మిదిసార్లు విప్పారు నన్ను

నేను ఒక ప్రొపెల్లర్ని. విమానం ముక్కు మీద తిరిగే చెక్క పంకానన్నమాట. పెద్ద విమానం అనుకునేరు. ఒక్క మనిషి మాత్రమే పట్టే చిన్నది, ఒక మాస్టారు తన షెడ్డులో సొంతంగా కట్టుకున్నది. ఆకాశంలో ఎంతసేపు తిరిగావని అడిగితే తల దించుకోవాలి. ఒక్క క్షణం కూడా లేదు. అయినా నా కథ చెప్పుకోవాలని ఉంది. నా మీద పడ్డ నింద అలాంటిది.

నన్ను చెక్కినవాడు నంద్యాలలో కాళాచారి అనే వడ్రంగి. గుమ్మాలు, దేవుడి వాహనాలు చేసే చెయ్యి. ఏడు టేకు పలకలను జిగురుతో అతికించి, బిగింపుల మధ్య నాలుగు రోజులు ఉంచి, ఆ తర్వాత ఉలి పట్టాడు. ఎదురుగా స్టూలు మీద కూర్చుని అట్టముక్కలు ఆనించి కొలతలు చూస్తున్నవారు నా యజమాని గేబ్రియేలు గారు. పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు పిల్లలకు లేతు మిషను పని నేర్పి రిటైరయ్యారు.

"అశ్వవాహనం చెయ్యమంటే కళ్లు మూసుకుని చేస్తా సార్. ఇదేంది, ఈ పక్క ఇట్ల, ఆ పక్క అట్ల మెలి తిరిగింది?" అన్నాడు ఆచారి.

"ఆ మెలికే గాలిని వెనక్కి తోసేది. అది లేకపోతే నీది వట్టి దూలం."

చెక్కడం అయ్యాక నా నడుము కన్నంలో ఉక్కు కడ్డీ దూర్చి, రెండు పదునైన అంచుల మీద ఆనించారు. బరువున్న రెక్క మెల్లగా కిందికి దిగుతుంది. అప్పుడు తేలిక రెక్కకు ఇంకో పూత వార్నిషు వెయ్యాలి. మూడు రోజులు అదే పని. చివరికి ఎలా పెడితే అలా నిలబడిపోయాను. ఆచారి దూరంగా జరిగి, ఒక కన్ను మూసి చూసి, "గాలి ఊదినా కదలదు సార్" అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

మూతపడిన ఒక సిమెంటు ఫ్యాక్టరీ పక్కన, వాళ్ల పాత రన్‌వేకి ఆనుకుని ఉండేది మా షెడ్డు. విమానం అక్కడ ఎనిమిదేళ్లుగా తయారవుతోంది. పాత కారు ఇంజను, పైపుల చట్రం, గుడ్డ అతికించిన రెక్కలు. ఆ గుడ్డ కుట్టింది గేబ్రియేలు గారి భార్య కృపావతమ్మ. ఆరు బోల్టులతో నన్ను ఇంజనుకు బిగించిన రోజున ఆవిడ నా ముందు నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఇంజను వేశారు. గుండ్రంగా, హాయిగా తిరిగాను. దుమ్ము లేచింది, ఆవిడ చీర కొంగు ఎగిరింది, గేబ్రియేలు గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఎగరడానికి అనుమతి కాగితాలు రావాలన్నారు. వాటి కోసం తిరగడంలో ఒక వానాకాలం, దాని వెనకే ఒక ఎండాకాలం గడిచిపోయాయి. అన్నాళ్లూ నన్ను నిట్టనిలువుగా వదిలేశారు, ఒక రెక్క ఆకాశానికి, ఒకటి నేలకి. షెడ్డు రేకు కారేది. చెక్కలోకి దిగిన తేమ మెల్లగా కింది రెక్కకు చేరుకుంది. తర్వాత ఎండలకు నడుము దగ్గర నేను కాస్త కుంచించుకుపోయాను, బోల్టుల పట్టు వదులైంది. చెక్కకు కూడా ఒళ్లుంటుందని, అది వానకు ఉబ్బి ఎండకు చిక్కుతుందని లేతు నేర్పిన మాస్టారు మరిచిపోయారు.

కాగితాలు వచ్చిన వారానికి ఇందుమతి గారు వచ్చారు. పాతికేళ్లు కుర్రకారుకు విమానం నడపడం నేర్పిన మనిషి. ముందు ఆవిడ ఎగిరి చూసి, బాగుందంటే తర్వాత గేబ్రియేలు గారు ఎగరాలని ఒప్పందం. ఆవిడ సీటులో కూర్చుని ఇంజను వేసిన అర నిమిషానికే ఆపేశారు.

"సార్, నా పళ్లు టకటకలాడుతున్నాయి. ఇలా అయితే నేను దీన్ని నేల మీద కూడా నడపను."

గేబ్రియేలు గారు నా వైపు చూశారు. వెతుకులాట మొదలైంది, అందులో ఇందుమతి గారు గట్టి మనిషి. నన్ను విప్పించి కడ్డీ మీద పెట్టించారు. తేమ పట్టిన రెక్క దబ్బున దిగింది. పదిహేను రోజులు నన్ను అడ్డంగా పడుకోబెట్టి ఆరబెట్టారు. మళ్లీ బిగించాక, నా మొనకు ఎదురుగా నేలలో ఒక కర్ర పాతి, చేత్తో నన్ను తిప్పి చూశారు. ఒక రెక్క కర్రను రాసుకుంటూ పోయింది, రెండోది గోరంత ఎడంగా పోయింది. ఆరు బోల్టులూ వదులు చేసి, ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా సమానంగా బిగించారు. ఈసారి రెండు మొనలూ ఒకే దారిన నడిచాయి. ఇంజను వేశారు.

"ఇప్పుడు బాగుంది. ఇక దీన్ని ముట్టుకోవద్దు" అన్నారు ఇందుమతి గారు.

గేబ్రియేలు గారు తను కూర్చుని చూస్తానన్నారు. విమానం నడిపే స్టిక్కు పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. దిగాక ముఖం పాలిపోయింది.

"లేదు మేడమ్. ఇంకా వణుకుతోంది."

"నాకు తెలియడం లేదే!"

"నాకు తెలుస్తోంది కదా" అన్నారు కాస్త కటువుగా. ఎనిమిదేళ్లు కట్టుకున్నవాడికి తనకంటే బాగా తెలుస్తుందని ఆవిడ అనుకున్నారేమో. పది రోజుల్లో వస్తానని చెప్పి వెళ్లారు.

ఆ పది రోజులూ నాకు నరకం. పొద్దున్నే టిఫిను చేసి వచ్చి నన్ను విప్పేవారు. కడ్డీ మీద పెడితే నేను కదిలేదాన్ని కాదు. కదలకపోయినా ఆయనకు నమ్మకం కుదిరేది కాదు. గరుకు కాగితంతో ఒక రెక్కను గీకేవారు. అది తేలికైతే రెండోదాన్ని గీకేవారు. బిగించి, ఇంజను వేసి, స్టిక్కు పట్టుకుని, "వణుకుతోంది, ఇంకా వణుకుతోంది" అని గొణుక్కుంటూ దిగేవారు. మళ్లీ విప్పడం. నాకు నోరుంటే, "నేను సరిగ్గానే తిరుగుతున్నాను స్వామీ" అని అరిచి ఉండేదాన్ని. నాలుగో రోజుకు వార్నిషు పోయింది. ఏడో రోజుకు నా మొనల దగ్గర చెక్క వేలితో వంచితే వంగేంత పలచబడింది. జిగురు గీతలు బయటపడ్డాయి.

కృపావతమ్మ ఒకసారి టీ తెచ్చింది. ఆయన అందుకుంటుంటే కప్పు సాసర్లో గలగలమంది.

"ఏమండీ, ఒకసారి కర్నూలు వెళ్లి డాక్టరుకు చూపిద్దామా?"

"దేనికి? నాకేమైంది? పంకా సంగతి తేలనీ ముందు."

ఆవిడ నిలబడి నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉందో జాలి ఉందో నాకు అర్థం కాలేదు.

ఇందుమతి గారు వచ్చిన ఉదయానికి నా ఒంటి మీద కొత్త వార్నిషు నిగనిగలాడుతోంది. ఆ పది రోజుల్లో తొమ్మిదోసారి విప్పి బిగించింది ఆ తెల్లవారే. లోపల ఎంత గీకారో ఆవిడతో చెప్పలేదు. ఆవిడ పైపైన చూసి, బోల్టులు పట్టి చూసుకుని ఎక్కారు. నేల మీదే వేగంగా ఒక పరుగు తీసి చూడాలన్నది ఆనాటి పని. కృపావతమ్మ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. గేబ్రియేలు గారు మంటలు ఆర్పే సిలిండరు పట్టుకుని నిలబడ్డారు.

రన్‌వే ఆ చివర నుంచి బయల్దేరాం. వేగం పెరిగింది. నిజం చెప్పాలంటే అప్పుడు కూడా నాకు ఆనందంగానే ఉంది. గాలి నన్ను పట్టి లాగుతోంది, ఇంకొంచెం ఉంటే చక్రాలు తేలేవి. సరిగ్గా షెడ్డు ముందుకు వచ్చేసరికి నా కుడి మొనలో పలక విడిపోయింది. జానెడు ముక్క ఊడి ఎగిరింది. మరుక్షణం నేను నేను కాదు. ఒక పక్క బరువుతో, ఒక పక్క లేకుండా, ఇంజనును చట్రం నుంచి పెరికేసేలా కొట్టుకున్నాను. ఇందుమతి గారు స్విచ్చి ఆపేశారు. విమానం రన్‌వే దిగి, ముళ్లకంపలకు బారెడు దూరంలో ఆగింది.

ఊడిన ముక్క కృపావతమ్మ కుర్చీ వీపును చీల్చుకుంటూ పోయింది. విమానాన్ని చూడటానికి ఆవిడ అప్పుడే లేచి నాలుగడుగులు ముందుకు వేసి ఉంది. విరిగిన కుర్చీని చూసి అక్కడే నేల మీద కూలబడింది.

ఇందుమతి గారు దిగి నా దగ్గరకొచ్చారు. విరిగిన చోట వేలితో తడిమారు.

"ఎవరు గీకారు దీన్ని?"

"నేనే" అన్నారు గేబ్రియేలు గారు.

"నాకెందుకు చెప్పలేదు? నన్ను ఇందులో కూర్చోబెట్టారు సార్! అక్కడ ఆమె..."

"వణుకుతోంది మేడమ్. ఎంత చేసినా పోవడం లేదు. అందుకని..." అంటూ ఆయన చెయ్యి చాపి నా నడుము పట్టుకున్నారు.

ఇంజను ఆగిపోయి ఉంది. గాలి లేదు. నేను కదలడం లేదు. అయినా సన్నటి వణుకు ఒకటి నాలోకి దిగుతోంది. ఆ అరచేతిలోంచి వస్తోంది. ఇందుమతి గారు ఆ చేతిని చూశారు, ఆయన ముఖం చూశారు.

"ఎన్నాళ్ల నుంచి సార్?" అన్నారు చాలా నెమ్మదిగా.

ఆయన చెయ్యి తియ్యలేదు. "నిరుటి నుంచి. తెలుసు నాకు. పంకాదే అయితే బాగుండునని..." అని, మాట పూర్తి చెయ్యకుండా భార్య కూలబడిన వైపు నడిచారు. ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, "నిన్ను చంపేసేవాణ్ణి కృపా" అన్నారు. ఆవిడ ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని గట్టిగా అదిమింది. వణుకు ఆగలేదు.

కర్నూలు డాక్టరు నరాల జబ్బు అన్నాడట. మందులతో తగ్గుతుంది కానీ పోదన్నాడట. విమానం నడపడం మాట ఇక తలపెట్టవద్దన్నాడట. ఈ ముక్కలన్నీ షెడ్డులో వర్క్‌బెంచి మీద పడుకుని విన్నాను. రెండు నెలలు అటు ఎవరూ రాలేదు. తర్వాత కాళాచారి కొత్త ప్రొపెల్లరును భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, ఎంత తీసినారు సార్ దీన్ని!"

"నీ పనిలో లోపం లేదు ఆచారీ. తప్పు నాదే" అన్నారు గేబ్రియేలు గారు. నన్ను చెక్కినవాడి ఎదుట ఆ మాట అన్నారు. నాకది చాలు.

ఇంజను చట్రం గొట్టం గొట్టం వెతికి, పగుళ్లు లేవని తేల్చుకున్నాకే ఇందుమతి గారు మళ్లీ ఎక్కారు. బెంచి మీది నుంచి నాకు తలుపులోంచి కనబడేది గజం వెడల్పు రన్‌వే మాత్రమే. విమానం ఆ గజం దాటింది. కాసేపటికి చక్రాల చప్పుడు ఆగి, ఇంజను చప్పుడొక్కటే పైనుంచి వినిపించింది. నా స్థానంలో ఇంకొకరు తిరుగుతుంటే అసూయ కలగలేదని అబద్ధం చెప్పను. పదకొండు నిమిషాల తర్వాత దిగారు.

"ఎక్కడా వణుకు లేదు సార్" అంటూ లోపలికి వచ్చారు ఆవిడ. కళ్లు మెరుస్తున్నాయి. ప్రయాణాల లెక్క రాసే లాగ్ పుస్తకం తెరిచి తన భాగం రాసి, కింద విమానం కట్టినవారి సంతకం కావాలన్నారు. బెంచి నిండా పనిముట్లున్నాయి. గేబ్రియేలు గారు పుస్తకాన్ని నా మీదే పెట్టారు. కలం పట్టుకుంటే దాని మొన కాగితం మీద చుక్కలు చుక్కలుగా తగిలింది.

"నేను రాసేయనా సార్, మీరు ఊరికే వేలుముద్ర..." అని ఇందుమతి గారు అంటుంటే, కృపావతమ్మ వద్దన్నట్టు ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

ఆయన ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నారు. ఒక్కో అక్షరం రాసి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ రాశారు. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఎవరూ తొందరపెట్టలేదు. కాగితం అడుగునుంచి ఆ కలం నడక నా ఒంటికంతా తెలుస్తూనే ఉంది. సంతకం గీత మీద నిలవలేదు, వంకరగా పైకి పోయింది. కానీ పేరు చదవడానికి వస్తుంది.